నమ్మి వేసిన ఓటు

పోలింగు కేంద్రమునుండి వెలువడు జనుల ముఖములలో సాధారణముగా కానవచ్చునది ఒక పని తీరినదన్న ఊరట మాత్రమే. వీనికంటె వాడు మేలని ఒకడు, మన కులమువాడని మరియొకడు, పుచ్చుకొన్న నోటుకు మాట తప్పరాదని వేరొకడు మీట నొక్కి వచ్చుచుండగా, అంతరాత్మ నిండుగా ఒప్పుకొన్న అభ్యర్థికి ఓటు వేయు భాగ్యము జీవితమున మిక్కిలి అరుదుగా లభించును. లభించిన దినమున కలుగు ఆశకు గెలుపోటములతో నిమిత్తము లేదని నా విశ్వాసము.

1952నాటి నల్లగొండ ఇందుకు సాక్ష్యము. తెలంగాణ సాయుధ పోరాటము విరమింపబడిన కొలది నెలలకే వచ్చిన ఆ ఎన్నికలలో, హైదరాబాదు రాష్ట్రమున కమ్యూనిస్టు పార్టీపై నిషేధ మింకను తొలగకపోవుటచే పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంటు పేర నిలిచిన రావి నారాయణరెడ్డిగారికి, ఆ ద్విసభ్య నియోజకవర్గమున మూడు లక్షలకు పైగా ఓట్లు వచ్చెను. జవహర్‌లాల్ నెహ్రూకు సైతము అన్ని రాలేదు. ఆ అంకెకంటెను ఆ ఓట్లు పడిన తీరే నా మనస్సును పట్టి నిలుపుచున్నది. నాడు కాగితముపై ముద్ర వేయు పద్ధతి లేదు. తెరమరుగున ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె, దానిపై అతని గుర్తు. ఓటరు తన చీటిని మెచ్చిన పెట్టెలో వేసి రావలెను. గడీ ముందర చెప్పులు విడిచి ‘నీ బాంచెన్ దొరా, కాల్మొక్త’ అనుచు తలవంచి నిలువవలసివచ్చిన వెట్టిమనిషి, ఏ దొర కన్నును పడని ఆ తెరవెనుక, వరుసగానున్న పెట్టెలను ఒక్కొక్కటే పరికించి, తనవాడనుకొన్నవాని గుర్తు కనబడినంతనే చీటిని సందులోనికి జారవిడిచిన క్షణమున అతని వ్రేళ్లయందలి కంపము ఎట్టిదో ఊహించినప్పుడెల్ల నా కన్నులు చెమర్చును.

రాష్ట్రమున అధికారము మాత్రము ఆ ఫ్రంటుకు రాలేదు. బూర్గుల రామకృష్ణారావుగారి నాయకత్వమున కాంగ్రెసు మంత్రివర్గ మేర్పడెను. అయినను ఆలేరునుండి గెలిచిన ఆరుట్ల కమలాదేవి వంటివారు ప్రతిపక్షమున కూర్చుండిరి. 1954లో కౌలుదారీ చట్టమునకు సవరణలు వచ్చెను. అవి చాలినవని నేననను. తన గోడు తెలిసినవారు సభలో ఉన్నారన్న ధైర్యము మాత్రము అచ్చటి కౌలురైతుకు అదివరకెన్నడును లేనిది.

ఇప్పటి ఎన్నికలలో అట్టి ఓటు వేయు అవకాశము నాకును కలిగెను. మా అభ్యర్థికి ధనబలము లేదు, వాహనముల ఊరేగింపు లేదు. ఆయన, పాసుపుస్తకములో పేరు తప్పుపడిన రైతులను వెంటబెట్టుకొని ఏండ్ల తరబడి తహశీల్దారు కార్యాలయపు మెట్లెక్కుచు, అచ్చటి అరుగుమీదనే కూర్చుండి స్వహస్తముతో అర్జీ వ్రాసి, చదివి వినిపించి, “సర్వే నంబరు సరిగ్గానే ఉందా, ఒకసారి చూసుకో పెద్దయ్యా” అని అడుగుట కన్నులార చూచితిని, చూచి నమ్మితిని. నీలపు మీట నొక్కగా ఎర్రదీపము వెలిగి, అద్దము వెనుక ఆయన పేరును గుర్తును గల చీటి ఏడు సెకండ్లు నిలిచి పెట్టెలోనికి జారిపడెను. ఆ ఏడు సెకండ్లును దానినే చదువుచుంటిని.

“ఆయన గెలుస్తాడంటారా మాస్టారూ? ఓటు వృథా చేసుకున్నారు” అని వెలుపల పొరుగువారనిరి. వృథా యెట్లగును? ఇట్టి మనుష్యుని కోరుకొనువారు ఈ నియోజకవర్గమున ఎందరున్నారో లెక్కింపునాడు తేలక తప్పదు. ఆ లెక్కలో నేనును ఒకడను. ఆయన గెలిచినచో మా ఊరి చెరువుతూము మాట జ్ఞాపకము చేయుటకును, ఓడినచో ఆ తూముకై అర్జీని ఇద్దరము కలిసి వ్రాయుటకును, ఫలితము వెలువడిన మరునాడే ఆయన యింటికి పోవలెనని నిశ్చయించుకొంటిని.