ఉచిత వైద్యానికి బిల్లు ఎవరిది?

"ఉచితం" అన్న మాట వినగానే అర్థశాస్త్ర విద్యార్థికి ఒక అనుమానం పుట్టాలి: మరి బిల్లు ఎవరి చేతికి వెళ్ళింది? బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవ చరిత్ర చదువుతున్నప్పుడల్లా నన్ను వెంటాడే ప్రశ్న ఇదే.

1942 నాటి నివేదికలో బెవరిడ్జ్ ఈ సేవకు ఏటా 17 కోట్ల పౌన్లు అవుతాయనీ, 1965లోనూ అంతే అవుతాయనీ లెక్క వేశాడు. వైద్యం అందితే జబ్బులు తగ్గుతాయి, కాబట్టి ఖర్చు పెరగదు – ఇదీ తర్కం. వినడానికి ఎంత బాగుందో! కానీ బతికి బట్టకట్టిన మనిషికి ముసలితనం వస్తుంది, దాని వెనకే కొత్త మందులూ వస్తాయి.

1948 జూలై 5న సేవ మొదలైంది. ఆరోగ్యమంత్రి అన్యూరిన్ బెవన్, స్వయంగా బొగ్గుగనిలో పనిచేసినవాడు. అంతకు ముందు ఫిబ్రవరిలో వైద్యసంఘం ఓటింగు పెడితే పదిమందిలో తొమ్మిదిమంది దాకా వద్దన్నారు. బెవన్ బేరానికి దిగాడు. స్పెషలిస్టులు ప్రైవేటు ప్రాక్టీసు వదలనక్కర్లేదు. సర్కారు ఆసుపత్రుల్లోనే డబ్బిచ్చే రోగులకు పడకలుంటాయి. సమానత్వానికి మొదటిరోజే పడిన కోత అది.

ఇక జనం కళ్ళజోళ్ళకీ, కట్టుడుపళ్ళకీ ఎగబడ్డారు. దీన్ని దుబారా అనడం నాకు నచ్చదు. ఏళ్ళ తరబడి పేరుకున్న బాకీ అది. కొరియా యుద్ధంతో ఆయుధాల ఖర్చు పెరిగింది. 1951లో ఆర్థికమంత్రి గైట్‌స్కెల్ వాటి ఖరీదులో సగం రోగుల నెత్తిన వేశాడు. పూర్తి ఏడాదికి ఖజానాకు మిగిలేది 2.3 కోట్ల పౌన్లే! అప్పటికి కార్మికమంత్రిగా ఉన్న బెవన్ పదవి వదులుకున్నాడు. తమాషా ఏమంటే, జాతీయోత్పత్తిలో ఈ సేవ వాటా 1949–50లో 3.75 శాతం, 1953–54లో 3.25 శాతమేనని 1956లో విచారణ సంఘం తేల్చింది.

డబ్బు అడ్డు తీసేస్తే క్యూ అడ్డొస్తుంది. 2023 సెప్టెంబరు నాటికి ఇంగ్లండులో 77 లక్షలకు పైగా చికిత్సలు వంతు కోసం ఆగి ఉన్నాయి. చూసి నవ్వే మిత్రులున్నారు. కానీ డబ్బు లేక ఆసుపత్రి గడప తొక్కనివాడి పేరు ఏ జాబితాకీ ఎక్కదు కదా!

బిల్లులో ఒక ముక్క మనకూ వచ్చింది. 1960ల నుంచి మన ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో చదివినవాళ్ళెందరో అక్కడికి వెళ్ళి, అక్కడి డాక్టర్లు అంతగా ఇష్టపడని వృద్ధుల వార్డుల్లో, మానసిక వైద్యశాలల్లో పనిచేశారు. వాళ్ళను చదివించిన సొమ్ము బ్రిటన్ బడ్జెట్టులో ఏ పద్దులోనూ కనిపించదు. అది మన మెడికల్ కాలేజీల ఖాతాలో, మన పన్నుల కింద ఉంది.