షిఫ్ట్ దిగాక ఛాయా? గటకా? కల్లా? హత్నూర బెల్టులో అలసట నిజంగా తీర్చేది ఏది?

రాత్రి పది గంటలు. బి షిఫ్ట్ అయిపోయింది. కంపెనీ బస్సు దిగి ఇంటికి పోయే ముందు ఒక్క నిమిషం ఆగుతారు. చేయి దేనికి పోతుంది? కొందరికి ఛాయ్ గ్లాసు. కొందరికి వేడి వేడి మిర్చి. ఇంకొందరికి కల్లు. సంగారెడ్డి జిల్లా హత్నూర మండలంలో బోర్పట్ల, గుండ్ల మాచునూరు వైపు ఫార్మా కంపెనీల్లో పని చేసేవాళ్లకైనా, అటు పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారంలో మెషీన్ల ముందు ఎనిమిది గంటలు నిలబడేవాళ్లకైనా ఇది రోజూ ఉండే సీనే.

మరి అలసట నిజంగా దేనితో పోతుంది? ఏది పోయినట్టు అనిపిస్తుంది అంతే? ఈ రెండింటికీ తేడా చాలా ఉంది.

ముందు ఛాయ్ సంగతి. పని చేస్తున్న కొద్దీ మన మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటుంది. "ఇక చాలు, పడుకో" అని చెప్పేది అదే. ఛాయ్‌లోని కెఫీన్ వెళ్లి ఆ అడినోసిన్ కూర్చోవాల్సిన సీట్లో కూర్చుంటుంది. సీటు దొరకక అలసట బయట నిలబడి ఉంటుంది, ఎటూ పోదు. కెఫీన్ దిగగానే మొత్తం ఒకేసారి లోపలికి వస్తుంది. పెద్దవాళ్ల ఒంట్లో కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది. అంటే రాత్రి పదింటికి స్ట్రాంగ్ ఛాయ్ కొడితే తెల్లవారుజామున మూడింటికి కూడా అందులో సగం మీతోనే ఉన్నట్టు. ఏ షిఫ్ట్ వాళ్లు మధ్యాహ్నం రెండింటికి తాగితే పెద్ద ఇబ్బంది లేదు. సి షిఫ్ట్ చేసి పొద్దున ఆరింటికి దిగి, వెళ్లి పడుకోవాల్సినవాళ్లు మాత్రం ఆ ఛాయ్ షిఫ్ట్ మొదట్లోనే తాగేస్తే మంచిది. ఇంకో మాట.. అన్నం తినగానే ఛాయ్ వద్దు. అందులోని టానిన్లు తిండిలోని ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. రక్తం తక్కువగా ఉన్న ఆడవాళ్లు ఇది తప్పక గుర్తుపెట్టుకోవాలి.

మిర్చి, బజ్జీల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. వానాకాలం సాయంత్రం మిర్చి తినొద్దంటే ఎవరు వింటారు? మేమే వినం! చూడాల్సింది నూనె ఒక్కటే. కాగి కాగి నల్లబడి, నురుగు వస్తుంటే పక్క బండికి పోండి. వాడిన నూనెలో పోలార్ కాంపౌండ్స్ 25 శాతం దాటితే మళ్లీ వాడకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ రూల్ 2018 జులై నుంచి అమల్లో ఉంది. బండి దగ్గర దాన్ని కొలిచేవాళ్లు ఉండరు కాబట్టి మీ కళ్లే మీటరు.

ఇప్పుడు అసలు తిండికి వద్దాం. బాయిలర్ పక్కన పని చేసేవాళ్లకు చెమటలో నీళ్లతో పాటు ఉప్పు కూడా పోతుంది. అప్పుడు ఉత్త నీళ్లు ఎన్ని తాగినా నీరసం వెంటనే తగ్గదు. ఉప్పు, కొంచెం పిండి పదార్థం కలిసి వెళితే పేగులు నీటిని తొందరగా పీల్చుకుంటాయి. ఓఆర్‌ఎస్ పని చేసేది ఈ లెక్కతోనే. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ రాకముందు నుంచే మన అమ్మమ్మలు చేసిన అంబలిలో ఉన్నదీ దాదాపు ఇదే. తైదల పిండో, జొన్న పిండో నానబెట్టి, కాచి, రాత్రంతా ఉంచుతారు. పొద్దుటికి కొద్దిగా పులుస్తుంది. అందులో సల్ల పోసి, ఉప్పు వేసి, ఉల్లిగడ్డ కొరుక్కుంటూ తాగుతారు. పైగా 100 గ్రాముల తైదల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది.

జొన్న గటక ఇంకా సులువు. జొన్న రవ్వను మరిగే నీళ్లలో పోసి, ఉండ కట్టకుండా తిప్పుతూ దగ్గర పడేదాకా ఉడికిస్తే అయిపోయింది. సల్ల గానీ, పచ్చిపులుసు గానీ పోసుకుని తినడమే. తిన్న గంటకే మళ్లీ ఆకలి వేయదు. అసలు విచిత్రం ఏంటంటే.. జొన్నపై పరిశోధన చేసే ప్రపంచ స్థాయి సంస్థ ఇక్రిశాట్ 1972 నుంచీ ఈ పటాన్‌చెరులోనే ఉంది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది కూడా. అయినా షిఫ్ట్ దిగినవాళ్లకు రోడ్డు మీద నూడుల్స్ దొరికినంత ఈజీగా గటక దొరకదు!

ఈ బెల్టులో పని చేసే ఒడిశా, బీహార్ అన్నలను అడిగితే వాళ్లదీ ఇదే లెక్క. ఒడియా వాళ్లు అన్నంలో నీళ్లు పోసి పులియబెట్టి పఖాళ తింటారు. మార్చి 20న దానికో రోజు కూడా జరుపుకుంటారు. మన సద్దన్నానికి చుట్టమే అది. బీహార్ వాళ్లు శనగల సత్తు పిండిని నీళ్లలో కలిపి, ఉప్పు, నిమ్మకాయ పిండుకుని తాగుతారు.

ఊరి తిండి తింటే మనసు కుదుటపడటానికి కారణం రుచి ఒక్కటేనా? అమెరికా పరిశోధకులు 2011లో అచ్చిన ఒక అధ్యయనంలో, ఇష్టమైన తిండి మనకు దగ్గరివాళ్లను గుర్తుచేస్తుందని, ఒంటరితనం తగ్గిస్తుందని చెప్పారు. 2014లో మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్లు దీనికి రివర్స్‌లో ఒకటి తేల్చారు. బాధపెట్టే వీడియో క్లిప్‌లు చూపించి కొందరికి ఇష్టమైన తిండి, కొందరికి వేరే తిండి ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. కాసేపటికి అందరి మూడ్ దాదాపు ఒకేలా బాగైంది! అంటే ఆ క్రెడిట్‌లో కొంత టైమ్‌ది కూడా. గది తలుపు వేసుకుని ఒక్కరే తినేకంటే రూమ్మేట్‌తో కలిసి తిన్న కిచిడీ ఎక్కువ పని చేస్తుందని మా లెక్క.

ఇక కల్లు. ఇది కొంచెం సీరియస్‌గా చదవండి. చెట్టు నుంచి దించిన తాజా కల్లులో కూడా గంటల్లోనే ఆల్కహాల్ పెరుగుతుంది. అంతకంటే పెద్ద సమస్య కల్తీ. కొన్ని చోట్ల కల్లులో అల్ప్రాజోలం, డైజెపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలుపుతున్నారు. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. అల్ప్రాజోలం డాక్టర్ రాస్తేనే వాడాల్సిన మందు. కల్లులో అది ఎంత కలిపారో తాగేవాడికి తెలియదు. "ఒళ్లు నొప్పులు పోయాయి, మంచి నిద్ర పట్టింది" అనిపిస్తుంది. కొన్నాళ్లకు అది లేకపోతే నిద్ర రాదు, చేతులు వణుకుతాయి.

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. భయపడి ఒక్కసారిగా మానేస్తారు. 2015లో కల్తీ కల్లుపై దాడులు పెరిగినప్పుడు నిజామాబాద్, మెదక్ జిల్లాల్లో కల్లు దొరక్క చాలామంది పిచ్చిపట్టినట్టు ప్రవర్తిస్తూ ఆస్పత్రుల్లో చేరారు. హత్నూర అప్పట్లో మెదక్ జిల్లాలోనే ఉండేది. ఇలాంటి మందులు సడన్‌గా ఆపితే ఫిట్స్ రావొచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. డాక్టర్ పర్యవేక్షణలో డోసు తగ్గించుకుంటూ రావాలి.

కొద్దిగా తాగినా మాట తడబడటం, గంటల తరబడి లేపినా లేవకపోవడం, తాగని రోజు వణుకు.. ఇవి ఇంట్లో ఎవరిలోనైనా కనిపిస్తే తిట్టకండి, ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకెళ్లండి. మత్తు మానాలనుకునేవాళ్ల కోసం కేంద్రం హెల్ప్‌లైన్ 14446 ఉంది. ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా 108కి కాల్ చేయండి. ఏం తాగారో అంబులెన్స్ వాళ్లకు దాచకుండా చెప్పండి.