వెనుక వచ్చే కారుకూ ఒక బ్రేకు

అమెరికాలో మంచం, వంటగది, స్నానాల గది అమర్చిన మోటార్‌హోమ్‌లో దూర ప్రయాణాలకు బయలుదేరేవారిలో చాలామంది, మజిలీ చేరాక ఊళ్లో తిరగడానికి అక్కరకు వస్తుందని ఒక చిన్న కారును కూడా దాని వెనుక తగిలించుకుని పోతారు. రెండింటినీ కలిపేది టో బార్ అనే ఉక్కు చట్రం. కారు నాలుగు చక్రాలూ రోడ్డు మీదే దొర్లుతుంటాయి గాని ఇంజను ఆగి ఉంటుంది, స్టీరింగు దగ్గర మనిషి ఉండడు. ముందు వాహనంలో డ్రైవరు బ్రేకు నొక్కినప్పుడు ఈ కారు చక్రాలకు కూడా బ్రేకు పడేలా చూసే పరికరాన్ని అనుబంధ బ్రేకు వ్యవస్థ అనవచ్చు.

కదిలే వస్తువులో ఉండే గతిశక్తి దాని ద్రవ్యరాశితో పాటు వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే 1,500 కిలోల కారులో దాదాపు 1.45 లక్షల జౌళ్ల శక్తి ఉంటే, వేగం 100 కిలోమీటర్లయ్యేసరికి అది నాలుగింతలై 5.8 లక్షల జౌళ్లకు చేరుతుంది. కారుకు సొంత బ్రేకు పడకపోతే ఈ శక్తినంతటినీ మోటార్‌హోమ్ బ్రేకులే వేడిగా మార్చి వదిలించుకోవలసి వస్తుంది. ఫలితంగా ఆగే దూరం పెరుగుతుంది, ఘాట్ రోడ్డు దిగుతున్నప్పుడు బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి, మలుపుల్లోనైతే వెనుక నుంచి నెట్టుకొచ్చే కారు పెద్ద బండిని పక్కకు తోసే ప్రమాదం కూడా ఉంటుంది.

లాగుడు బండి వెనుక వచ్చే ప్రతి బండికీ దాని బ్రేకు దానికి ఉండాలన్న ఆలోచన మోటారు వాహనాల కన్నా పాతది. అమెరికా గూడ్సు రైళ్లలో బ్రేక్‌మెన్ పెట్టెల పైకప్పుల మీద నడుస్తూ ఒక్కొక్క చేతిచక్రాన్నీ తిప్పి బ్రేకులు బిగించే రోజుల్లో, 1869లో, 22 ఏళ్ల జార్జ్ వెస్టింగ్‌హౌస్ ఇంజను నుంచి సంపీడిత గాలిని గొట్టం ద్వారా పెట్టెలన్నింటికీ పంపే బ్రేకుకు పేటెంటు పొందాడు. అయితే గొట్టం తెగితే గాలి పోయి బ్రేకు కూడా పోయేది. 1872 నాటి కొత్త రూపకల్పనలో ఆయన ఈ పద్ధతిని తలకిందులు చేశాడు. ప్రతి పెట్టెకూ సొంత గాలి ట్యాంకు అమర్చి, గొట్టంలో పీడనం ఉన్నంతసేపు బ్రేకులు వదులుగా ఉండేట్టు, పీడనం తగ్గగానే ట్యాంకులోని గాలితో అవి బిగుసుకునేట్టు చేయడంతో, లంకె తెగడమే బ్రేకు వేయమన్న ఆజ్ఞ అయింది. ఈ చరిత్ర మొత్తంలో ఇంతకు మించిన ఆలోచన మరొకటి లేదనవచ్చు. ఇవాళ మన రైళ్లలో ఆపద గొలుసు లాగితే బండి ఆగడం వెనుక ఉన్నదీ గొట్టంలో పీడనం పడిపోవడమనే ఈ సూత్రమే.

కారు విషయానికి వస్తే చిక్కు మరోచోట ఉంది. 1927లో బెల్జియం ఇంజనీరు ఆల్బర్ట్ డెవాండ్రే రూపొందించిన వాక్యూమ్ సర్వో సంతతికి చెందిన బూస్టర్, పెట్రోలు ఇంజను గాలి పీల్చుకునేటప్పుడు ఏర్పడే పాక్షిక శూన్యాన్ని ఒక పొరకు ఇవతల నిలిపి, పెడల్ నొక్కగానే అవతలి వైపుకు బయటి గాలిని వదిలి, ఆ పీడన భేదంతో డ్రైవరు కాలి బలానికి తోడు నిలుస్తుంది. ఇంజను ఆపిన కారులో పెడల్‌ను మళ్లీమళ్లీ నొక్కి చూస్తే, నిలవ ఉన్న శూన్యం కాస్తా రెండు మూడు నొక్కుళ్లలో అయిపోయి పెడల్ రాయిలా గట్టిపడుతుంది. కాలు దాని మీద ఉంచే ఇంజను స్టార్టు చేస్తే అది మెల్లగా కిందికి దిగుతుంది. వెనుక వచ్చే కారుకు ఈ తోడు ఉండదు.

కాబట్టి పరికరాల తయారీదారులు రకరకాల దారులు తొక్కారు. డ్రైవరు సీటు ముందు నేల మీద పెట్టే పెట్టె ఒకటి, వేగం తగ్గుదలను జడత్వ సెన్సర్‌తో పసిగట్టి, కడ్డీతో పెడల్‌ను నొక్కుతుంది. దాన్ని బిగించే ముందు పెడల్‌ను పలుమార్లు నొక్కి శూన్యాన్ని ఖాళీ చేయడం ఆనవాయితీ, లేకుంటే బూస్టర్ సాయం తోడై బ్రేకు మోతాదు మించి పడుతుంది. కొన్ని శాశ్వత వ్యవస్థలు చిన్న విద్యుత్ పంపుతో బూస్టర్‌కు శూన్యాన్ని అందిస్తాయి. గాలి బ్రేకులున్న పెద్ద మోటార్‌హోమ్‌ల నుంచైతే గాలి గొట్టాన్నే కారు దాకా లాగవచ్చు. అన్నిటికన్నా సరళమైనది, బ్రేకు పడినప్పుడు కారు ముందుకు నెట్టే బలాన్నే కేబుల్ ద్వారా పెడల్‌కు అందించే పద్ధతి. అయితే పల్లంలో కారు ఎడతెగకుండా నెడుతూనే ఉంటుంది గనుక అక్కడ బ్రేకు వదలకుండా రాసుకునే అవకాశం ఉంది. అలా రాసుకుంటున్న సంగతి బలమైన ఇంజను నడిపే డ్రైవరుకు తెలియకపోవచ్చు గనుక, కారు బ్రేకు పడిన ప్రతిసారీ ముందు క్యాబిన్‌లో వెలిగే సూచిక దీపం విడదీయరాని భాగమని భావించాలి.

ఇక మిగిలింది బ్రేక్‌అవే స్విచ్, అంటే తెగిపోయినప్పుడు పనిచేసే మీట. కారు ముందు భాగంలో అమర్చిన ఈ స్విచ్‌లోని పిన్నును సన్నని ఉక్కు తీగ మోటార్‌హోమ్‌కు కలుపుతుంది; కారు విడిపోతే పిన్ను ఊడి, కారులోని బ్యాటరీతోనే బ్రేకు పడుతుంది. ఈ తీగను టో బార్‌కు కాక మోటార్‌హోమ్ చట్రానికే కట్టాలి, ఎందుకంటే టో బారే ముందు వైపు ఊడి కారుతో పాటు వచ్చేస్తే దానికి కట్టిన తీగ ఎన్నటికీ బిగుసుకోదు, పిన్ను ఊడదు.