గరగర ఆగితే రేడియో బాగుపడినట్టు కాదు

ఫ్రీమాంట్ నుంచి శని, ఆదివారాల్లో బోటును బండికి తగిలించుకుని ఆల్విసోకో, రెడ్‌వుడ్ సిటీకో వెళ్ళే మనవాళ్ళ మధ్య ఒక సలహా తిరుగుతోంది. "వీహెచ్‌ఎఫ్ రేడియోలో గరగర వస్తోందా? స్క్వెల్చ్ ఇంకాస్త పెంచు, పోతుంది." గరగర పోయే మాట నిజమే. దాంతోపాటు సాయం కోసం పిలిచే గొంతు కూడా పోతుంది.

స్క్వెల్చ్ రొదను తగ్గించదు. ఒక స్థాయికన్నా బలహీనంగా వచ్చేది ఏదైనా స్పీకరు దాకా రాకుండా ఆపుతుంది, అంతే. రొద పెరిగేకొద్దీ మీరు ఆ స్థాయిని పైకి జరుపుతూ పోతారు. శాన్ మేటియో వంతెన అవతల ఎవరో చేతిసెట్టు పట్టుకుని పిలిస్తే, ఆ పిలుపు ఆ గీత కిందే ఆగిపోతుంది. చెవుల్లో దూది పెట్టుకుని ఊరు ప్రశాంతంగా ఉందనుకోవడమే ఇది. ఇంకో ప్రమాదం ఉంది. మీ మాట మాత్రం 25 వాట్లతో చక్కగానే వెళ్తుంది. చానల్ 16లో మీరు పిలుస్తారు, కోస్ట్‌గార్డ్ జవాబిస్తుంది, అది మీకు వినపడదు.

ఇంతకీ ఆ రొద ఎక్కడిది? చాలాసార్లు మీరు కొత్తగా బిగించిన ఎల్‌ఈడీ లైట్లదే. "12 వోల్టుల దీపంలో రేడియో తరంగాలెక్కడివి?" అని పగలంతా చిప్‌ల మధ్య పనిచేసేవాళ్ళే అడుగుతుంటే బాధేస్తుంది. ఎల్‌ఈడీకి కరెంటు సరిపెట్టే డ్రైవరు చాలా దీపాల్లో స్విచింగ్ కన్వర్టరే. సెకనుకు లక్షలసార్లు ఆన్, ఆఫ్ అవుతుంది. దాని హార్మోనిక్స్ 156 మెగాహెర్ట్జ్ దాకా పాకుతాయి, దీపానికి వెళ్ళే తీగే వాటికి యాంటెన్నా అవుతుంది. మాస్ట్ కొసన యాంకర్ లైటూ వీహెచ్‌ఎఫ్ యాంటెన్నా జానెడు దూరంలో ఉంటే ఇక చెప్పేదేముంది! చుట్టుపక్కల ఓడల్ని తెరమీద చూపే ఏఐఎస్ పనిచేసేదీ 162 మెగాహెర్ట్జ్ దగ్గరే. పొగమంచులో ఎదురొచ్చే ఓడ తెరమీద కనపడకపోవచ్చు.

ఇది నా ఊహ కాదు. 2018 ఆగస్టులో అమెరికా కోస్ట్‌గార్డ్ దీనిమీదే భద్రతా హెచ్చరిక ఇచ్చింది. రక్షణ సమన్వయ కేంద్రం ఒకటి వీహెచ్‌ఎఫ్‌లో ఓ ఓడను అందుకోలేకపోయిన సంగతి అందులో ఉంది. ఎవరికి వారు చేసుకోదగ్గ పరీక్షా ఉంది. ఎల్‌ఈడీలన్నీ ఆర్పండి. చానల్ 13 లాంటి సద్దులేని చానల్ పెట్టండి. గరగర వినపడేదాకా స్క్వెల్చ్ తగ్గించి, సరిగ్గా ఆగేచోటికి మళ్ళీ పెంచండి. ఇప్పుడు లైటు వేయండి. గరగర మళ్ళీ మొదలైతే దొంగ దొరికినట్టే.

దొరక్కపోతే అన్నీ ఆపి ఒక్కొక్కటే వేస్తూ రండి: ఇంజను, ఫిష్‌ఫైండరు, సోలార్ కంట్రోలరు. యూఎస్‌బీ చార్జరును సాకెట్లోంచి పీకేయాలి. ఫోను తగిలించకపోయినా అది పనిచేస్తూనే ఉంటుంది. చేతిసెట్టు ఉంటే స్క్వెల్చ్‌ను అదే అంచున పెట్టి ఒక్కో దీపం దగ్గరికీ తీసుకెళ్ళండి. ఎక్కడ బుసకొడితే అక్కడే లోపం.

కొత్త రేడియో కొంటే సరిపోతుందనేది డబ్బు దండగ, కొత్తదీ అదే రొద వింటుంది. ఖరీదైన లైటు రొద చేయదన్న హామీ ఏమీ లేదు. సెల్‌ఫోను చాలనేవాళ్ళు పక్క బోటువాడి నంబరు ఎక్కడ తెస్తారు?

రొదను ఆపడానికి తీగకు తగిలించే ఫెర్రైట్ బిళ్ళ విషయంలో మాత్రం కొంత ఒప్పుకోవాలి. వీహెచ్‌ఎఫ్‌కు పనికొచ్చే రకమై, ప్లస్, మైనస్ తీగలు రెండూ కలిపి దాని గుండా పోనిచ్చి, అదీ దీపానికి ఆనుకుని వేస్తే బాగానే పనిచేస్తుంది. ఒక్క తీగకు ఎక్కడో మధ్యలో తగిలించి మంత్రం వేసినట్టు చూస్తే కాదు. అప్పటికీ తగ్గకపోతే ఆ దీపం మార్చేయండి, లేదా యాంటెన్నాను దూరంగా జరపండి.

కొత్త లైటు గానీ చార్జరు గానీ బిగించిన ప్రతిసారీ ఒడ్డున ఉండగానే ఈ పరీక్ష చేయండి. అది అయ్యాకే పిల్లల్ని బోటెక్కించండి.