క్రొత్త కొలువులో తొలి వారము

మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో క్రొత్త కొలువనగానే అందఱి చూపును పడమటి దిక్కునకే పోవును. పూర్వము సిరిసిల్ల నేతపనివారు బొంబాయికిని, భీవండికిని, షోలాపురమునకును పోయి మగ్గముల యొద్ద బ్రదుకు వెదకుకొనిరి. 1973లో చమురు ధర యొక్కపెట్టున పెరిగిన పిమ్మట అరబ్బు దేశములలో కట్టడములు విస్తరింపగా ఆ వలస సముద్రము దాటెను. 2016 అక్టోబరు 11వ తేదీన పాత కరీంనగరు జిల్లా విడిపోయి జగిత్యాలయు, రాజన్న సిరిసిల్లయు వేఱు జిల్లాలైనను, ఈ దారి మాత్రము మన మూడు పట్టణములకును ఒక్కటియే.

నేడు నేను చెప్పబూనినది ఆ దేశముల వింతలు గాదు. ఊరు విడిచిపోవు పిల్లవానికి క్రొత్త పనిలో మొదటి యేడు దినములు ఎట్లు గడచునో, అది చాలవఱకు ఇచ్చటనే, మన యింటి యరుగుమీదనే నిర్ణయమగుచున్నది. ఆ నిర్ణయములో పెద్దవారు చేయదగిన దేమి యను విషయమును, నావలన జరిగిన యొక పొరపాటునుండి మొదలిడి చెప్పెదను.

నేను తెలుగు పండితుడను. కోరుట్లలో చాలకాలము పాఠములు చెప్పితిని. మన పల్లెలలో పంతులనగా పంచాంగము చూచువాడును, కాగితము చదువువాడును గూడ. 2009వ సంవత్సరమున నా పూర్వశిష్యు డొకడు తల్లిని వెంటబెట్టుకొని మా యింటికి వచ్చెను. వారిది సిరిసిల్ల. పిల్లవాడు మేనమామ యింట నుండి కోరుట్లలో చదివి, పిదప తమ యూర మరమగ్గము నడిపి, కుట్టుపనియు నేర్చెను. సౌదీలో దర్జీపని యిప్పింతునని ఒక ఏజెంటు చెప్పెనట. తల్లి బీడీలు చుట్టి కూడబెట్టినదియు, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చినదియు కలిపి లక్షకు పైగా వాని చేతిలో పోసిరి.

ఆ తల్లి నన్ను రెండు కోరికలు కోరెను. "పంతులూ, పిల్లగాడు పోయేటందుకు మంచి దినం చూడుండ్రి. గీ కాయిదం గూడ జర చూసి చెప్పుండ్రి" అనెను.

పంచాంగమును అరగంట చూచితిని. పడమటి ప్రయాణము గనుక శుక్రవారమును ఆదివారమును వారశూల యని విడిచితిని. తారాబలమును, చంద్రబలమును సరిచూచి, బుధవారము తెల్లవాఱుజామున గడప దాటుమంటిని. పిమ్మట పాస్‌పోర్టు తెఱచి వీసా చూచితిని. అది అరబ్బీ లిపి. అందొక యక్షరమైనను నాకు రాదు. రాదని చెప్పుటకు శిష్యుని యెదుటను, వాని తల్లి యెదుటను నాకు నోరాడలేదు. ముద్ర స్పష్టముగా నున్నది, ఛాయాచిత్రము వానిదే. "అంతయు బాగుగనే యున్న"దంటిని.

ఆ వీసాలో వృత్తి యనుచోట రెండు మాటలుండెను: "రాయీ గనమ్". అనగా గొఱ్ఱెల కాపరి యని యర్థము. మా వీధి చివర మసీదులోని మౌల్వీసాహెబునకు చూపియుండిన నిమిషములో చదివి చెప్పియుండును. ఆయన యొద్దకు నూఱడుగులు నడువనైతిని.

విమానము దిగిన నాడే ఎవడో వచ్చి పాస్‌పోర్టు తీసికొని, పిల్లవానిని బండిలో నెక్కించుకొని పోయి ఎడారిలో దింపెను. అచ్చట ఒక రేకుల పాక, ఒక నీళ్ల ట్యాంకు, రెండువందలకు పైగా గొఱ్ఱెలు. మాటాడుటకు మనిషి లేడు. ఇంటికి ఫోను చేయు దారి లేదు. ఏ పనికి వచ్చెనో ఆ సూదిదారమును వాడు కంటితో జూడలేదు. పదునాలుగు నెలలకు మన రాయబార కార్యాలయపు సాయముతో తిరిగివచ్చునప్పటికి వడ్డీయే అసలులో సగమునకు సమీపించి యుండెను. వాడు నన్ను నిందింపలేదు. "సారూ, మీరు గూడ చూసిండ్రు గదా అని ధైర్యంగ పోయిన" అని మాత్రమనెను. ఆ మాట నేటికిని నన్ను విడువలేదు.

ఆ యేడే మౌల్వీసాహెబు నొద్ద అరబ్బీ యక్షరములు ఇరువది యెనిమిదియు నేర్చుకొంటిని. భాష రాలేదు గాని, వృత్తిపేరు కూడబలుకుకొనునంత వచ్చినది. మీ చెవిని బడుటకు కొన్ని మాటలు చెప్పెదను. "ఖయ్యాత్" అనగా దర్జీ, "బన్నా" తాపీపనివాడు, "నజ్జార్" వడ్రంగి, "కహ్రబాయీ" విద్యుత్తుపనివాడు, "సాయిఖ్" బండి నడుపువాడు, "ఆమిల్" కూలి, "ఆమిల్ మన్జిలీ" యింటిపనివాడు, "రాయీ" పశువుల కాపరి. నోటితో చెప్పిన పనియు, కాగితముపై నున్న పనియు ఒక్కటి కానిచో ప్రయాణము మానవలయును. ఏలనన, సౌదీలో ఇంటిపనివారును, కాపరులును సామాన్య కార్మికచట్టము క్రిందికి రారు; వారికి వేఱు నియమములు, తక్కువ రక్షణ. నేడు వీసా ముద్రగా గాక ముద్రిత పత్రముగా వచ్చుచున్నను, చూడవలసిన చోటు అదియే.

ఇక రెండవ సంగతి. 1983 నాటి వలసచట్టము ననుసరించి, పదవ తరగతి ఉత్తీర్ణులు గానివారి పాస్‌పోర్టు సాధారణముగా ఈ.సి.ఆర్. తరగతికి చేరును. అట్టివారు గల్ఫు దేశములతో సహా పదునెనిమిది దేశములకు పనికై పోవునపుడు వలస సంరక్షకాధికారి యనుమతి పొందవలయును. ఆ కార్యాలయము హైదరాబాదులో నున్నది. అనుమతి పొందువానికి ఒప్పందపత్రమును పరిశీలింతురు. ప్రవాసీ భారతీయ బీమా యోజన క్రింద ప్రమాదమున మరణించినను, అంగవైకల్యము కలిగినను 10 లక్షల రూపాయల బీమా యుండును. కొందఱు ఏజెంట్లు ఈ ద్వారమును తప్పించి, చుట్టపుచూపుగా పోవువాని వీసాపై పంపుదురు. విజిట్ వీసాపై పోయినవాడు అచ్చట పనిచేసిన తొలిదినముననే ఆ దేశపు చట్టమునకు దోషియగును. జీతము రాకున్నను ఫిర్యాదు చేయుటకు జంకును. ఆజాద్ వీసా యనబడునదియు ఇట్టి చిక్కుదారియే; ఒకని పేర వీసా, మఱియొకని యొద్ద పని.

ఏజెంటు ప్రభుత్వమునొద్ద నమోదైనవాడో కాడో ఈ-మైగ్రేట్ అను ప్రభుత్వ పట్టికలో ఎవరైనను చూడవచ్చును. మీ యింట కంప్యూటరు తెలిసిన మనుమరాలు చూచి చెప్పగలదు. నమోదైన ఏజెంటు 30,000 రూపాయలకును, దానిపై పన్నునకును మించి సేవారుసుము గొనరాదు; దానికి రసీదు ఈయవలయును. రసీదు ఈయననువానికి రూపాయి యైనను ఈయరాదు. సందేహము గల్గిన విదేశాంగశాఖవారి 1800 11 3090 అను సంఖ్యకు ఉచితముగా ఫోను చేసి మాటాడవచ్చును.

అప్పు చేయుటకు ముందు ఒక చిన్న లెక్క వేయుడు. లక్షా యిరువదివేలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన నెలకు 2,400 రూపాయలు వడ్డీ. తొలి జీతము చేతికందుట కొక నెల పైబడును. పత్రములు ఆలస్యమైన రెండు నెలలు. కావున పిల్లవాడు పని మొదలిడకముందే అయిదువేల వఱకు బాకీ పెరుగును. ఈ లెక్క ముందే యెఱిగిన తండ్రి తొలి వారముననే "డబ్బెప్పుడు పంపుదువు" అని యడుగడు. ఎఱుగనివాడు అడుగును, అది విన్న కొడుకు ఒంట్లో బాగులేకున్నను ఎండలోనికి పోవును.

ఎండ యనునది ఈ ప్రసంగమున ముఖ్యమైన యంశము. "మా జగిత్యాల యెండలో పెరిగినవాడు, వానికి ఎండ యేమి చేయును" అని మనవారందురు. అది సరిగాదు. సముద్రతీరపు గాలిలో తేమ హెచ్చుగా నున్నందున చెమట ఆరదు. చెమట ఆరనిదే దేహము చల్లబడదు. పైగా దేహము క్రొత్త వేడికి అలవాటుపడుటకు ఒకటి రెండు వారములు పట్టును. బహిరంగస్థలములలో ఎండదెబ్బవలన జరిగిన కార్మిక మరణములలో 50 మొదలు 70 పాళ్లు వఱకు పనిలో చేరిన మొదటి కొలది దినములలోనే జరిగినవని అమెరికా కార్మిక రక్షణశాఖవారు తేల్చిరి. అందువలన అచ్చటి ఆరోగ్యసంస్థ ఒక క్రమము చెప్పినది: క్రొత్తవాడు మొదటి దినమున వేడిలో అయిదవ వంతు పని మాత్రమే చేయవలయును, పిదప దినమున కొక అయిదవ వంతు పెంచుకొనుచు అయిదవ దినమునకు పూర్తిపనికి రావలయును. అన్ని చోట్లను మేస్త్రీ దీనిని పాటింపకపోవచ్చును. ఐనను ప్రతి యిరువది నిమిషములకు పావులీటరు నీరు త్రాగుట, నీడపట్టున మధ్యమధ్య నిలుచుట పిల్లవాని చేతిలోనిదే. తల తిరిగినను, మాట తడబడినను, వాంతి వచ్చినను పని ఆపి ప్రక్కవానికి చెప్పవలయును. అది సోమరితనము గాదని మీ నోటితో చెప్పి పంపుడు. తండ్రి చెప్పిన మాట అక్కఱకు వచ్చును.

వేసవిలో నడిప్రొద్దు పని నిషేధించు చట్టములు ఆ దేశములలో గలవు. ఎమిరేట్సులో జూను 15 మొదలు సెప్టెంబరు 15 వఱకు పగలు పన్నెండున్నర నుండి మూడు గంటల వఱకును, సౌదీలో అదే కాలమున పన్నెండు నుండి మూడు వఱకును, ఖతరులో జూను 1 మొదలు సెప్టెంబరు 15 వఱకు పది గంటల నుండి మూడున్నర వఱకును ఎండలో పని చేయింపరాదు. పోవు దేశము ననుసరించి ఆ వేళలను పిల్లవానిచేత కంఠస్థము చేయింపుడు.

ఇక మూట కట్టుట. మనము పంపు ప్రేమయే ఒక్కొకప్పుడు వానికి కారాగారము తెచ్చిపెట్టును. మన వంటింట సామాన్యమైన గసగసాలు ఆ దేశములలో మాదకద్రవ్యముగా నెంచబడును. మసాలాపొడిలో కలిసియున్నను ముప్పే. గుట్కా, ఖైనీ, తమలపాకులు మానుడు. నొప్పులకు, దగ్గునకు వాడు మందులలో ట్రమడాల్, కొడీన్ గలవి నిషిద్ధములు. నిత్యము వాడవలసిన మందున్నచో ఆ దేశపు నియమము కనుగొని, వైద్యుని చీటీతో మాత్రమే పంపుడు. "మా తమ్మునికి ఈ పచ్చడి సీసా యిచ్చిపొమ్మ"ని పొరుగువారు తెచ్చిన మూటను కాదనుట మనకు మొగమాటము. ఆ మొగమాటమును పిల్లవానిపై పెట్టక, మీరే కాదనుడు.

విమానమెక్కుటకు ముందు పాస్‌పోర్టు, వీసా, ఒప్పందము, బీమా పత్రముల నకళ్లు మూడు చేయుడు: ఒకటి వాని సంచిలో, ఒకటి వాని ఫోనులో, ఒకటి మన పెట్టెలో. దిగిన పిమ్మట మొదటి దినములలో వైద్యపరీక్షయు, అకామా కొఱకు వ్రేలిముద్రలును జరుగును. అందుకై పాస్‌పోర్టు ఇచ్చినను మరల తీసికొనవలయును. పనివాని పాస్‌పోర్టును యజమాని పట్టియుంచుట సౌదీ, ఎమిరేట్సు, ఖతరు చట్టములకు విరుద్ధము. క్రొత్త పత్రముపై చేవ్రాలు చేయుమన్నచో, జీతము, పనివేళలు మునుపటివే యేమో సరిచూచి, ముందుగా దాని ఛాయాచిత్రము తీసి యింటికి పంపవలయును. ఎమిరేట్సులో 2016 నుండి ఉద్యోగ ప్రతిపాదనను అరబ్బీ, ఆంగ్లములతో బాటు పనివానికి తెలిసిన భాషలో చూపవలెనను నియమము గలదు. ఉర్దూ చదువగల మనవారు అది యడుగవచ్చును. ఆ దేశమున నున్న భారతీయులకు సహాయకేంద్రపు సంఖ్య 800 46342.

ఒక స్వల్పమైన మాట. అన్నము వండుటయు, పప్పు వేయుటయు పిల్లవానికి నేర్పి పంపుడు. లేబరు క్యాంపులలో పలువురు వంతులవారీగా వండుకొందురు. మొదటి వారమున వంట వచ్చినవానికి ఆ గదిలో తొందరగా స్నేహితులు దొరకుదురు. ఆపదవేళ తోడుగా నుండువారు వారే.

నేటికిని మా యింటికి ముహూర్తమునకై వచ్చువారున్నారు. నేను పంచాంగము మానలేదు. గాని ముందు కాగితము తెమ్మందును. నాకు తెలిసినది చదువుదును. తెలియనిచోట "ఇది నాకు రాదు, చదువగలవారి యొద్దకు పోవుదము" అని లేచి చెప్పులు తొడుగుకొందును. మౌల్వీసాహెబు కాలము చేసెను. ఆయన కుమారుడు ఓర్పుతో చదివి చెప్పుచున్నాడు. రెండు మూడు పర్యాయములు ఆ పరిశీలనలోనే ప్రయాణము ఆగినది. వారు నాపై కొన్నాళ్లు అలిగిరి. అలుగనిండు.

పెద్దలారా! మీ యూళ్లలో మీ మాటకు విలువ గలదు. మీరు తలయూపిన పిల్లవాడు ధైర్యముతో పోవును. కావున చదువకయే తల యూపకుడు. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల?