దురద పెడితే తామరేనా?

చేతి మీద దురద, మెడ మీద మచ్చ, పిక్క మీద రసి... ఏదైనా సరే మన పల్లెల్లో దానికి పేరు ఒకటే. తామర! మందూ ఒకటే... మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ట్యూబు. చిక్కంతా అక్కడే వస్తోంది.

తొలకరి పడిందంటే చాలు, కొనకనమిట్ల చుట్టుపక్కల మెట్టచేల గట్ల మీద, రోడ్ల పక్కన, ఖాళీ జాగాల్లో ఓ మొక్క గుబురుగా లేస్తుంది. చామంతి ఆకును పోలిన ఆకు, గుత్తులుగా చిన్నచిన్న తెల్లపూలు. పేరు వయ్యారిభామ. పశువులు దాన్ని పెద్దగా ముట్టవు. కంది, పత్తి చేలలో కలుపు తీసేవాళ్లకు మాత్రం తప్పదు, ఉత్త చేతులతోనే పీకేస్తుంటారు. ఏళ్ల తరబడి ఏమీ కాదు. ఆ తర్వాత ఓ ఏడాది కొందరికి కనురెప్పలు వాస్తాయి. మెడ కందిపోతుంది. మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక నిద్ర పట్టనివ్వని దురద! ఎండ పడలేదనుకుంటారు. వేడి చేసిందనుకుంటారు. చివరికి తామరని తేల్చేస్తారు.

అది తామర కాదు. ఎగ్జిమా.

పేరుతోనే పేచీ

మన భాషలో ఉన్న ఇబ్బంది ఏమిటంటే, గుండ్రంగా పాకే ఫంగస్ జబ్బునూ తామర అనే అంటాం, ఎగ్జిమానూ తామర అనే అంటాం. కానీ రెండూ పూర్తిగా వేరు. ఫంగస్ తామర ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. తువ్వాలు, పంచె, పక్కబట్టలు పంచుకుంటే ఇంటిల్లిపాదికీ వస్తుంది. సాధారణంగా అంచు ఎర్రగా, పొలుసులతో పైకి తేలి, మధ్యలో మానినట్టు కనిపిస్తుంది. ఎగ్జిమా అంటుకోదు. చర్మం తనకు పడనిదాని మీద తిరగబడటమో, లోపలి తేమను నిలుపుకోలేక ఎండి పగలటమో దాని మూలం. మొదట ఎర్రబారి చిన్న పొక్కులు లేస్తాయి, రసి కారుతుంది. గోకగా గోకగా చర్మం నల్లబడి తోలులా మందమవుతుంది.

మందులు కూడా ఎదురెదురు. ఎగ్జిమాను అణచే స్టిరాయిడ్ పూతను ఫంగస్ మీద రాస్తే రెండ్రోజుల్లో దురద తగ్గుతుంది. 'భలే మందు' అనిపిస్తుంది. లోపల ఫంగస్ మాత్రం హాయిగా పాకుతుంది. పైగా ఉంగరంలా ఉండే దాని ఆకారం చెదిరిపోయి, డాక్టర్లు కూడా చూడగానే పోల్చుకోలేని పరిస్థితి. ఇక ఎగ్జిమాకు ఫంగస్ మందు పూస్తే నెలలు గడుస్తాయి, దురద పోదు. స్టిరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపిన ట్యూబులైతే మరీ ప్రమాదం. స్టిరాయిడ్ పూతలను చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లోనే నిబంధన తెచ్చింది. కౌంటరు దగ్గర ఎవరు అడుగుతున్నారు గనక!

గాలిలోనే గుట్టు

మళ్లీ వయ్యారిభామ దగ్గరికి వద్దాం. మన దేశంలో దీన్ని 1950ల మధ్యలో పుణె ప్రాంతంలో గుర్తించారు. దిగుమతి గోధుమలతో విత్తనాలు వచ్చాయన్నది ఎక్కువగా వినిపించే మాట. ఒక్కో మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది. అందులోని పార్థినిన్ అనే పదార్థమే చర్మానికి శత్రువు. మొక్కను ముట్టుకోనక్కర్లేదు... ఎండిన ఆకుల పొడి, నూగు గాలికి లేచి ఒంటి మీద పడినా చాలు.

ఎండ పడక వచ్చే మచ్చలకూ దీనికీ తేడా కనిపెట్టడానికి డాక్టర్లు చూసే చోట్లున్నాయి. ఎండ తగలని పైరెప్పలు, గడ్డం కింద, చెవుల వెనక. ఎండ వల్లే అయితే ఈ చోట్లు చాలావరకు మిగిలిపోతాయి. గాలిలో వచ్చే ధూళికి అలాంటి పట్టింపు లేదు, మడతల్లోకీ దూరుతుంది. సందేహం ఉంటే ప్యాచ్ పరీక్ష చేస్తారు. అనుమానమున్న పదార్థాలను కొద్దికొద్దిగా వీపు మీద అంటించి, రెండు రోజులు ఉంచి, తీశాక ఏది పొంగిందో చూస్తారు.

చోటును బట్టి సంగతి

ఎగ్జిమా ఎక్కడ వచ్చిందన్నదే సగం కథ చెబుతుంది. చంటిపిల్లలకు బుగ్గల మీద, కాస్త పెరిగాక మోచేతి, మోకాలి మడతల్లో వస్తే అటోపిక్ రకం. ఇంట్లో ఎవరికో ఉబ్బసమో, తుమ్ములో ఉంటాయి. చాలామంది పిల్లల్లో పెరిగేకొద్దీ తగ్గుతుంది. బొట్టుబిళ్ల పెట్టుకునే చోట మచ్చ పడితే జిగురు పడలేదని అర్థం. చెవికమ్మలు, గిల్టు గొలుసుల కింద అయితే నికెల్. ఉల్లిపాయలు, వెల్లుల్లి పట్టుకునే వేళ్ల కొసలు పగలటం వంటింటి ఎగ్జిమా. ముసలివాళ్లకు చలికాలంలో కాళ్లు ఎండి, బీటలువారిన చెరువులా కావటం ఇంకో రకం. ఉబ్బిన నరాలున్నవారికి చీలమండల పైన నల్లబడి రసి కారితే చర్మం కన్నా ముందు రక్తనాళాల సంగతి చూడాలి. రూపాయి బిళ్లంత గుండ్రంగా వచ్చే ఎగ్జిమా కూడా ఉంది. దీన్నే ఎక్కువగా తామరని పొరబడతారు!

పడమటి ప్రకాశం నుంచి వానలు లేని ఏడు హైదరాబాదుకో, బెంగళూరుకో భవన నిర్మాణ పనులకు వెళ్లేవారు గమనించాల్సింది సిమెంటు. తడి సిమెంటు చేతులను కొరుకుతుంది, అందులోని క్రోమియం అలర్జీ తెస్తుంది. ఒకసారి పట్టుకుందంటే ఏళ్ల తరబడి వదలదు. ఐరోపా దేశాలు 2005 నుంచి సిమెంటులో ఈ క్రోమియానికి పరిమితి పెట్టాయి. మన మేస్త్రీలకు చేతి తొడుగులే దిక్కు.

పూతకూ ఓ కొలత

ఏ రకమైనా ముందు చేయాల్సింది కారకాన్ని దూరం పెట్టటం, చర్మానికి తేమ ఇవ్వటం. స్నానమైన వెంటనే, ఒళ్లు ఇంకా తడిగా ఉండగానే పెట్రోలియం జెల్లీ రాయాలి. నురగ రాని ఉప్పునీళ్లలో సబ్బు ఎక్కువ రుద్దటం మానాలి. డాక్టరు స్టిరాయిడ్ రాస్తే భయపడక్కర్లేదు, చెప్పిన చోట, చెప్పినన్ని రోజులే వాడాలి. పెద్దవారి చూపుడువేలి కొస కణుపు పొడవున తీసిన పూత రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. నల్లజీడి రసం లాంటివి మాత్రం వద్దే వద్దు. అదే చర్మాన్ని కాల్చి కొత్త ఎగ్జిమా తెస్తుంది.

వయ్యారిభామను పూత రాకముందే, వానపడి నేల మెత్తబడ్డప్పుడు, తొడుగులు వేసుకుని వేళ్లతో సహా పెరకాలి. ఇప్పటికే దురదలున్నవారు ఆ పనికి పోకూడదు. చేను నుంచి వచ్చాక ఒళ్లు కడుక్కుని బట్టలు మార్చుకోవాలి. ఉతికిన బట్టలను ఆ మొక్కలున్న కంచెల మీద ఆరేయకూడదు.

చర్మవైద్యుల దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంతకాలం పూసిన ట్యూబులన్నీ సంచిలో వేసుకెళ్లాలి, ఖాళీవైనా సరే. అవి చూస్తే జబ్బు ఎందుకు రూపం మార్చుకుందో వాళ్లకు అర్థమవుతుంది. మచ్చ అంచు నుంచి కాస్త పొట్టు గీకి మైక్రోస్కోపు కింద చూస్తే ఫంగస్ ఉందో లేదో తేల్చటానికి ఎంతో సేపు పట్టదు.