సత్యభామ జడ.. అమ్మాయికి దక్కింది!

ఒకప్పుడు కూచిపూడి భాగవతుల మేళంలో సత్యభామగా జడ వేసుకున్నదీ మగవాడే! కృష్ణా జిల్లాలోని ఆ ఊళ్లో కొన్ని బ్రాహ్మణ కుటుంబాల మగపిల్లలకే ఆ విద్య దక్కేది. అక్కడే 1929లో పుట్టిన వెంపటి చినసత్యం ఆ గిరి దాటారు. గురువు వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి వేసిన బాటలో నడిచి, 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించారు. ఆ ఇళ్లకు బయటివారైన ఆడపిల్లలకూ నాట్యం నేర్పారు.

పురాణాలతోనే ఆగలేదు. టాగూర్ ‘చండాలిక’నూ నృత్యనాటకంగా మలిచారు. అంటరానిదన్న పిల్లను బౌద్ధ భిక్షువు దాహమడిగే కథ అది. ఆచారం గల ఇళ్లలో పెరిగిన నాట్యం ఆ పిల్ల పక్షాన నిలిచింది.

చినసత్యం 2012లో కన్నుమూశారు. ఇప్పుడు దర్శిలోనైనా, డాలస్‌లోనైనా అమ్మాయి గజ్జె కడితే వింతేమీ లేదు. ఆ వింత పోగొట్టడానికే ఆయన జీవితమంతా పట్టింది మరి!